ఇంట్లో ఉప్పునీటి చేపల తొట్టి: ఏ పరికరం ముందు, ఏ దీపం చివర

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల రెండవ రోజు ఉదయం జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

   

ఈ ఉదయం నన్ను మాట్లాడమనడానికి రెండు కారణాలు చెప్పారు. మనలో చాలామంది రిటైరై, పిల్లలు దూరమై, ఇంట్లో ఒక ఉప్పునీటి చేపల తొట్టి పెట్టుకుంటే ఎలా ఉంటుందని ఆలోచిస్తున్నారట. అది మొదటి కారణం. రెండోది పెద్దది. స్వర్ణోత్సవ కానుకగా మన బడి సైన్సు గదిలో ఒక సముద్రపు తొట్టి పెట్టిద్దామని సంఘంలో ప్రతిపాదన ఉంది. దాని మీద ఈ సాయంత్రం తీర్మానం చేస్తారు. కాబట్టి నేను చెప్పేది వినోదానికి కాక నిర్ణయానికి పనికిరావాలి. ఇంటి తొట్టి గురించి వివరంగా చెప్పి, చివర బడి సంగతికి వస్తాను.

షాపులోకి వెళ్లగానే మన కంట్లో పడేది దీపం. నీలం రంగు ఎల్ఈడీ కింద తొట్టి మెరిసిపోతూ ఉంటుంది. "సార్, లైటు ఏది కావాలి?" అని షాపు అబ్బాయి అడుగుతాడు. కొనుగోలు అక్కడ మొదలైతే దారి తప్పినట్టే. మొదటి ప్రశ్న దీపం గురించి కాదు. ఆ తొట్టిలో ఎవరు బతకాలి అన్నది తేల్చుకోవాలి. చేపలు మాత్రమేనా, పగడాలు కూడానా? దీపం, పంపు, ఖర్చు, చివరికి చట్టం కూడా ఈ ఒక్క జవాబు మీదే ఆధారపడతాయి.

చట్టం సంగతి ముందే చెప్పేస్తాను. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. దాని మొదటి షెడ్యూలులో 2001లో గట్టి పగడాలన్నిటినీ, సముద్రపు విసనకర్రలని పిలిచే గోర్గోనియన్లను, సముద్రపు గుర్రాలను, సముద్ర దోసకాయలను చేర్చారు. పులికి ఎంత రక్షణ ఉందో వీటికీ అంతే. మన సముద్రంలోంచి వీటిని తీయడం, అమ్మడం, కొనడం 3 నుంచి 7 ఏళ్ల వరకు జైలు శిక్ష పడగల నేరం. చచ్చిన పగడపు ముక్కలకూ ఇది వర్తిస్తుంది. "లైవ్ రాక్" పేరుతో పగడపు దిబ్బల రాయి అమ్మేవాళ్లు ఉంటారు. దాన్నీ ముట్టుకోవద్దు. విదేశం నుంచి తెప్పించిన పగడమని ఎవరైనా చెబితే కాగితాలు చూపించమనండి. చూపించలేకపోతే అక్కడితో ఆగిపోండి. అమెరికాలో, ఇతర దేశాల్లో ఉన్న మనవాళ్ల పరిస్థితి వేరు. అక్కడ తొట్లలోనే పెంచి ముక్కలు చేసిన పగడాలు చట్టబద్ధంగా దొరుకుతాయి. వాళ్ల కోసం దీపాల దగ్గర రెండు మాటలు అదనంగా చెబుతాను. ఇక్కడ ఉన్నవాళ్లకు నా సలహా, చేపల తొట్టితో తృప్తి పడమని.

చేపల్లో కూడా హేచరీలో పుట్టినవి అడగండి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థవారి మండపం కేంద్రంలో క్లౌన్ చేపలను పొదిగించి పెంచే పద్ధతి ఎప్పుడో సాధించారు. నారింజ ఒంటి మీద తెల్ల పట్టీలుండే చేప అది, సినిమా పుణ్యమా అని పిల్లలందరికీ తెలుసు. హేచరీ చేప మేత తినడానికి అలవాటు పడి ఉంటుంది, తొట్టిలో తట్టుకుంటుంది. సముద్రంలో పట్టి తెచ్చిన చేప దారిలోనే సగం నీరసించి వస్తుంది.

ఇక పరికరాలు. పేర్లు గుర్తు పెట్టుకోవక్కర్లేదు. సముద్రం ఏమేం పనులు చేస్తుందో గుర్తు పెట్టుకోండి. ఉప్పు పాళ్లు మారనివ్వదు. మలినాన్ని అరిగించుకుంటుంది. నీటిని కదుపుతూ గాలి అందిస్తుంది. వేడి ఒక్కసారిగా మారనివ్వదు. వెలుతురు ఇస్తుంది. ఈ ఐదు పనులూ మన ఇంట్లో ఎవరో ఒకరు చేయాలి. 1846లో ఇంగ్లండులో అన్నా థిన్ అనే ఆవిడ టార్కీ తీరం నుంచి పగడాలు తెచ్చి లండన్ ఇంట్లో బతికించింది. అప్పుడు పంపు లేదు, కరెంటు లేదు. ఆవిడ పనిమనిషి రోజూ అరగంటకు పైగా కిటికీ దగ్గర నిలబడి ఆ నీటిని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పోస్తూ ఉండేది. చాయ్ చల్లార్చినట్టు. ఆ పనిమనిషి చేతుల బదులే ఈరోజు మనం పంపు కొంటున్నాం. ఏ పరికరం చూపించినా "ఇది సముద్రం చేసే ఏ పనికి బదులు?" అని అడగండి. జవాబు లేకపోతే డబ్బు జేబులోనే ఉంచుకోండి.

తొట్టి పరిమాణం. చిన్నదైతే సులువు అనుకుంటాం. ఉప్పునీటి విషయంలో అది తలకిందులు. 30 లీటర్ల తొట్టిలో ఒక పూట మేత ఎక్కువైతే నీరు చెడుతుంది. 180 లీటర్లలో అదే మేతను సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది. మొదటి తొట్టికి 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు మంచి కొలత. సుమారు 180 లీటర్లు పడుతుంది. అద్దం 10 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. నీరే 185 కిలోలు. రాయి, అద్దం, స్టాండు కలిపితే దగ్గర దగ్గర 300 కిలోలు. అందుకే తొట్టిని గోడవార, కింద దూలం ఉన్నచోట పెట్టాలి. స్టాండు ఇనుముదైతే రంగు ఊడిన మర్నాడే తుప్పు మొదలవుతుంది. నీటికి తట్టుకునే ప్లైవుడ్డో, బాగా రంగు వేసిన గట్టి స్టాండో చూసుకోండి. ఎండ నేరుగా పడే కిటికీ పక్కన వద్దు. అక్కడ వేడీ పెరుగుతుంది, పాచీ పెరుగుతుంది.

నీళ్లు. సముద్రపు నీటిలో కిలోకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అది వంటింటి ఉప్పు ఒక్కటే కాదు. మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం అన్నీ వాటి వాటి పాళ్లలో ఉంటాయి. అయోడిన్ కలిపిన ప్యాకెట్ ఉప్పు, కల్లుప్పు ఇక్కడ పనికిరావు. నౌపడ, చినగంజాం ఉప్పు మడుల్లో చూసినవాళ్లకు తెలుసు, ఉప్పు గడ్డకట్టాక మిగిలిన చేదు నీటిని వదిలేస్తారు. మెగ్నీషియం చాలావరకు ఆ నీటితోనే పోతుంది. అందుకే అక్వేరియం కోసం తయారైన సముద్రపు ఉప్పే కొనాలి. 180 లీటర్లకు ఆరున్నర కిలోల దాకా పడుతుంది. ఆ తర్వాత వారానికి పదో వంతు నీరు మార్చడానికి ఆరేడు వందల గ్రాములు.

ఆ ఉప్పు కలిపే నీరు శుద్ధంగా ఉండాలి. బోరు నీటిలోని నైట్రేట్లు పాచికి ఎరువు. కుళాయి నీటిలోని క్లోరిన్ చేపకు విషం. ఇంట్లో తాగే ఆర్వో నీరు పర్వాలేదు గానీ, రుచి కోసం మళ్లీ ఖనిజాలు కలిపే రకమైతే ఆ భాగాన్ని పక్కకు తప్పించాలి. చేతిలో ఒక టీడీఎస్ మీటరు ఉంటే అనుమానం తీరిపోతుంది. అంకె సున్నాకు ఎంత దగ్గరైతే అంత మంచిది.

"సముద్రం పక్కనే పెట్టుకుని ఉప్పు కొనడమేమిటి?" అని మన విశాఖ తీరం వాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఒడ్డున ముంచుకున్న నీరు వేరు, లోతులోని నీరు వేరు. హార్బరు, ఫ్యాక్టరీ కాలువ, మురుగు కలిసే చోటు దగ్గరి నీరు అసలు వద్దు. పైగా వానాకాలం తర్వాత నదుల నీరంతా కలిసి బంగాళాఖాతంలో పైపొర ఉప్పదనం తగ్గిపోతుంది. పడవ మీద లోపలికి వెళ్లి తెచ్చిన నీరైనా వడకట్టి, చీకట్లో కొన్నాళ్లు నిలవ ఉంచి, ఉప్పు పాళ్లు కొలిచాకే వాడాలి. తీరం పొడుగునా ఉన్న రొయ్య హేచరీల వాళ్లు ఈ పని రోజూ చేస్తారు. వాళ్ల చేతిలో ఉండే రిఫ్రాక్టోమీటరే మనకూ కావాలి. తొట్టి కొన్న రోజే అదీ కొనండి. సాంద్రత 1.024, 1.026 మధ్య ఉండాలి.

ఇక్కడ ఒక సూత్రం. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు కాదు. 180 లీటర్లలో 9 లీటర్లు ఆవిరైతే 35 ఉండాల్సిన ఉప్పదనం దాదాపు 37కు చేరుతుంది. అప్పుడు పోయాల్సింది మంచినీరు, ఉప్పునీరు కాదు. తొట్టి అద్దం మీద ఒక గీత గీసుకుని, రోజూ ఆ గీత దాకా శుద్ధమైన మంచినీరు పోయండి.

మూడో సంగతి మలినం. చేప విసర్జించేది, తినకుండా వదిలిన మేత కుళ్లగా వచ్చేది అమ్మోనియా. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైటుగా మారుస్తుంది. ఇంకో రకం ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. మొదటి రెండూ విషాలు, మూడోది కాస్త సహించదగినది. సముద్రపు నీటి పీహెచ్ 8 దాటి ఉంటుంది కాబట్టి మంచినీటి తొట్టిలో కంటే ఇక్కడ అమ్మోనియా విషం ఎక్కువ. ఆ బాక్టీరియా రంధ్రాలున్న రాయి మీద, సిరామిక్ ముక్కల మీద కాపురం పెట్టడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అంతవరకు తొట్టి నడుస్తూ ఉండాలి, చేప మాత్రం ఉండకూడదు. కొద్దిగా అమ్మోనియా వేసి, టెస్ట్ కిట్‌తో కొలుస్తూ, అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చాకే మొదటి చేప. ఈ ఆరు వారాలు ఆగలేని వాళ్లకు ఈ వ్యాపకం వద్దని చెబుతాను.

పగడపు రాయి లేకుండా బాక్టీరియాకు ఇల్లెక్కడ అంటారా? సిరామిక్ రాళ్లు దొరుకుతాయి. సిమెంటుతో పోసి, వారాల తరబడి నీళ్లు మారుస్తూ క్షారం పోయేదాకా నానబెట్టిన కృత్రిమ రాయి కూడా పనికొస్తుంది. ఇసుక మాత్రం మన బీచి నుంచి తేవద్దు. భీమిలి వైపు తీరంలో ఇల్మెనైటు, గార్నెట్ ఉన్న నల్ల ఇసుక ఉంటుంది. అందులో అయస్కాంతానికి అంటుకునే రేణువులు పంపు లోపలికి చేరి దాన్ని అరగదీస్తాయి.

తర్వాత ప్రోటీన్ స్కిమ్మర్. పేరు చూసి భయపడకండి. బెల్లం వండేచోట పాకం మీదికి తేలిన మడ్డిని గరిటెతో తీసేస్తారు కదా, అదే పని. సన్నటి గాలి బుడగలు నీటిలోంచి పైకి పోతూ మలినాన్ని అంటించుకుని నురుగై ఒక కప్పులో పడతాయి. మలినం అమ్మోనియాగా మారకముందే బయటికి పోతుంది. ఉప్పునీటిలో బుడగలు సన్నగా నిలుస్తాయి కాబట్టే ఇది పనిచేస్తుంది. మంచినీటి తొట్టిలో పనిచేయదు. డబ్బాపై రాసిన లీటర్ల లెక్క ఉదారంగా రాస్తారు కాబట్టి, మన తొట్టికి ఒక మెట్టు పైది తీసుకోండి.

స్కిమ్మర్‌ను, ఫిల్టరును కింద ఇంకో చిన్న తొట్టిలో పెడతారు. దాన్ని సంప్ అంటారు. సంప్ కొనేముందు ఒక లెక్క చూసుకోండి. కరెంటు పోగానే పైకి నీరు తోసే పంపు ఆగిపోతుంది, పైనీరు కిందికి దిగుతుంది. 3 అడుగుల తొట్టిలో నీటిమట్టం 2 సెంటీమీటర్లు దిగితే 8 లీటర్లు. పైపుల్లో ఉన్నది అదనం. సంప్‌లో ఆ ఖాళీ లేకపోతే మిగతా నీరు హాల్లోకే. పంపు కొన్న రోజే స్విచ్ ఆపి చూడండి, ఎంత నీరు దిగుతుందో కళ్లారా తెలుస్తుంది.

నాలుగోది కదలిక, గాలి. మన జిల్లాల్లో ఆక్వా రైతు తెల్లవారుజామున ఎందుకు చెరువు గట్టు మీద ఉంటాడు? ప్రాణవాయువు తగ్గేది అప్పుడే. తొట్టికీ అదే న్యాయం. 25 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే సముద్రపు నీటిలో 7 కూడా కరగదు. 30 డిగ్రీలకు వెళితే 6 దగ్గరికి వస్తుంది. అంటే వేసవిలో కరెంటు పోతే చేపకు ఆకలి కంటే, వేడి కంటే ముందు ఊపిరి కరువవుతుంది. అందుకే వేవ్‌మేకర్ కావాలి. చేపల తొట్టిలో గంటకు తొట్టి నీటికి పది రెట్లు కదిలితే చాలు, నీటి పైమట్టం మాత్రం అలలాడుతూ ఉండాలి. 180 లీటర్లకు గంటకు 2000 లీటర్ల వేవ్‌మేకర్ సరిపోతుంది. అది 10 వాట్లు కూడా తీసుకోదు.

ఇంట్లో ఇన్వర్టరు ఉంటే వేవ్‌మేకర్‌నూ, ఒక చిన్న ఎయిర్ పంపునూ మాత్రం దానికి కలపండి. రెండూ కలిపి 15, 20 వాట్లు. మన ఇళ్లలో ఉండే 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఆ లోడును రోజంతా మోస్తుంది. దీపం, చిల్లర్ ఇన్వర్టరు మీద పెడితే రెండు మూడు గంటల్లో అందరూ చీకట్లో కూర్చోవాలి. ఇన్వర్టరు లేనివాళ్లు కరెంటు పోగానే తనంతట తానే మొదలయ్యే బ్యాటరీ ఎయిర్ పంపు కొనండి. దీపం మీద ఖర్చు పెట్టేముందు ఇది కొనాలి. మన ప్రాంతంలో తుఫాను వస్తే కరెంటు ఎన్ని రోజులు పోతుందో హుద్‌హుద్ చూసినవాళ్లకు, 2014 గుర్తున్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఐదోది వేడి. తొట్టిలో 24 నుంచి 27 డిగ్రీలు ఉండాలి. మే నెలలో మన హాల్లో 34 డిగ్రీలు. ఏం చేయాలి? నీటి పైన చిన్న ఫ్యాను పెట్టడం తేలిక మార్గం. ఒక లీటరు ఆవిరైతే 180 లీటర్ల నీటిని దాదాపు 3 డిగ్రీలు చల్లార్చేంత వేడిని తీసుకుపోతుంది. కుండలో నీరు చల్లబడే రహస్యం ఇదే. కానీ గాలిలో తేమ ఎక్కువుంటే కుండ కూడా చల్లబడదు. హైదరాబాదులో, అనంతపురంలో పనిచేసినంత బాగా ఫ్యాను విశాఖలో, కాకినాడలో పనిచేయదు. ఇక్కడ చిల్లర్ తప్పదు, లేదా ఆ గదికి ఏసీ. చిల్లర్‌ను స్టాండు అరలో తలుపేసి బంధిస్తే అది వదిలిన వేడిని అదే మళ్లీ పీల్చుకుంటుంది. వెనక గాలి ఆడే చోట పెట్టాలి. హీటర్ సంగతికొస్తే తీరంలో అవసరం తక్కువ. హైదరాబాదు డిసెంబరు రాత్రులకు మాత్రం 100 వాట్లదో, 150 వాట్లదో ఒకటి ఉంచుకోవాలి. చేపకు 24 కంటే 26 గొప్ప కాదు. పగలు 30, రాత్రి 23 కావడమే కష్టం.

ఇప్పుడు దీపం. ఇంతసేపు ఆపి చివర చెప్పడానికి కారణం ఇదివరకే అర్థమై ఉంటుంది. దీపం ఎవరి కోసం? తొట్టిలో వెలుతురు కోరుకునేవాళ్లు ముగ్గురే. చూసే మనం, పగడం, పాచి. చేప ఈ జాబితాలో లేదు. దానికి కావలసింది పగలూ రాత్రీ తేడా తెలియడం, అంతే.

పగడం ఒంట్లో కంటికి కనబడని నాచు కాపురముంటుంది. అది వెలుతురుతో ఆహారం వండి పగడానికి పెడుతుంది. పగడం తిండిలో అధిక భాగం దాన్నుంచే. ఎండలోని ఎరుపు నీటిలో పది మీటర్లు దిగేసరికి దాదాపు ఇంకిపోతుంది. లోతుకు చేరేది నీలం. ఆ నీలానికి అలవాటు పడిన జీవి కాబట్టే పగడాల దీపాలు నీలంగా ఉంటాయి. షాపులో మనం చూసి మురిసిన నీలం వెలుగు పగడం కోసం పుట్టింది. పగడం పెట్టని ఇంట్లో అది ఖర్చు, పైగా పాచికి విందు.

కాబట్టి చేపల తొట్టికి, 3 అడుగులదైతే, 20 నుంచి 30 వాట్ల తెల్ల ఎల్ఈడీ చాలు. రంగు 6500 నుంచి 10000 కెల్విన్ల మధ్య ఉంటే చేప రంగులు సహజంగా కనిపిస్తాయి. 6500 అంటే మధ్యాహ్నపు వెలుతురు. అంకె పెరిగే కొద్దీ నీలం పెరుగుతుంది. ఒకప్పుడు 150, 250 వాట్ల మెటల్ హాలైడ్ దీపాలు వాడేవారు. అవి వెలుతురుతో పాటు నీటిని కాచేవి, దాన్ని చల్లార్చడానికి చిల్లర్. మన వేసవికి అది రెండు చేతులా నష్టం. టీ5 ట్యూబులు వెలుతురు సమంగా పరుస్తాయి గానీ ఏడాది తిరిగేసరికి బలం తగ్గి మార్చాలి. ఈరోజు ఎల్ఈడీ సరైన ఎంపిక.

ఎల్ఈడీ కొనేటప్పుడు చూడాల్సినవి నాలుగు. నీటి తుంపర పడకుండా కింద మూత ఉందా? వేడి పోవడానికి అల్యూమినియం పలక ఉందా, లేక చిన్న ఫ్యాను మీదే ఆధారపడిందా? ఉప్పు గాలికి మొదట చచ్చేది ఆ ఫ్యానే. డ్రైవర్ విడిగా మార్చుకునేలా ఉందా? వెలుతురు తగ్గించుకునే వీలుందా? దీపాన్ని నీటికి 20, 25 సెంటీమీటర్ల ఎత్తున పెట్టి, 10 రోజులకోసారి తడి గుడ్డతో ఉప్పు పొర తుడవాలి. పొర పేరుకుంటే వెలుతురు తగ్గిందని మనం కొత్త దీపం కొంటాం.

టైమర్ తప్పనిసరి. రోజుకు 8 గంటలు, మహా అయితే 9. మొదటి నెలల్లో 6 చాలు. కొత్త తొట్టిలో గోధుమరంగు పొర వస్తుంది, కంగారు పడొద్దు, దానంతట అది తగ్గుతుంది. ఆకుపచ్చ పాచి అదేపనిగా పెరుగుతుంటే దీపాన్ని కాక మేతను, నీటిని అనుమానించండి. గది చీకటిగా ఉండగా దీపం భగ్గున వెలిగించకండి, చేపలు బెదిరి అద్దానికి కొట్టుకుంటాయి. ముందు గది దీపం, పావుగంటకు తొట్టి దీపం.

విదేశాల్లో పగడాలు పెంచే మిత్రులకు ఒక మాట. వాట్లు చూసి, కెల్విన్లు చూసి కొనకండి. మొక్కకు అందే వెలుతురును కొలిచే పార్ మీటరు ఉంటుంది. మెత్తని పగడాలకు సుమారు 50 నుంచి 150, కొమ్మల పగడాలకు 200 నుంచి 350 ఆ మీటరు మీద కనిపించాలి. ఆ మీటరు ఖరీదైనది, అద్దెకు తెచ్చుకుని ఒక్కరోజులో తొట్టి మూలమూలా కొలుచుకోవచ్చు. కొత్త దీపాన్ని సగం వెలుతురుతో మొదలుపెట్టి వారాల మీద పెంచండి. నీడపట్టున పెరిగిన మనిషిని మిట్టమధ్యాహ్నం పొలంలో నిలబెట్టకూడదు కదా.

ఇంటి భద్రత. ఉప్పునీరు కరెంటును చక్కగా మోసుకుపోతుంది. తొట్టికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్న లైను, ఎర్తింగు ఉండాలి. ప్రతి వైరూ ప్లగ్గు చేరేముందు కిందికి వంపు తిరిగి పైకి రావాలి. అప్పుడు తీగ వెంట జారిన చుక్క వంపు దగ్గర నేల మీద పడుతుంది, సాకెట్లోకి పోదు. నీటిలో చేయి పెట్టేముందు స్విచ్చులు ఆపండి. రెండోది, దోమల మందు. మన ఇళ్లలో ప్రతి రాత్రీ వెలిగే దోమల లిక్విడ్లు, కాయిల్స్, బొద్దింకల స్ప్రేలలో ఉండే మందు మనకు ఏమీ కానట్టుంటుంది గానీ చేపకు, రొయ్యకు కాలకూటం. ఎయిర్ పంపు ఆ గాలినే పీల్చి నీటిలోకి పంపుతుంది. తొట్టి ఉన్న గదిలో దోమతెరే శరణ్యం. రాగి నాణేలు, ఇత్తడి బొమ్మలు అందం కోసం వేయకండి.

నెల ఖర్చు లెక్క చెప్పమన్నారు. పైకి తోసే పంపు 30 వాట్లు, వేవ్‌మేకర్ 10, స్కిమ్మర్ 15, ఇవి 24 గంటలూ నడవాలి. దీపం 30 వాట్లు, 8 గంటలు. ఇవన్నీ రోజుకు ఒకటిన్నర యూనిట్లు, నెలకు 47 దాకా. చిల్లర్ 200 వాట్లదై రోజుకు 8 గంటలు నడిస్తే నెలకు ఇంకో 48. అంటే వేసవిలో ఖర్చు రెట్టింపు. మీ స్లాబు ఎక్కడ మారుతుందో చూసుకుని దిగండి.

కొనే వరుస ఇది. మొదట తొట్టి, స్టాండు, రిఫ్రాక్టోమీటరు, టెస్ట్ కిట్. తర్వాత పంపు, వేవ్‌మేకర్, కరెంటు పోతే నడిచే ఏర్పాటు. తర్వాత స్కిమ్మర్. వేసవికి ముందే చిల్లర్. దీపం చివర. డబ్బు తక్కువైతే ఈ జాబితాలో కింది నుంచి తగ్గించండి, పైనుంచి కాదు.

ఇక మన బడి.

సైన్సు గదిలో సముద్రపు తొట్టి ఉంటే బాగుంటుందని నేనూ ఒప్పుకుంటాను. సముద్రానికి ఇంత దగ్గర ఉన్న పిల్లలు సముద్రపు చేపను వంటింట్లో తప్ప చూడరు. కానీ ఏప్రిల్ చివర బడికి తాళం పడుతుంది, మళ్లీ జూన్ రెండో వారంలో తీస్తారు. ఏడు వారాలు. సరిగ్గా ఆ ఏడు వారాలే గది ఉడికిపోయేది, తొట్టి నీరు రోజూ ఆవిరయ్యేది. ఆ రోజుల్లో గీత దాకా మంచినీరు పోసేదెవరు? మేత వేసేదెవరు? కరెంటు పోయి వచ్చాక చిల్లర్ మళ్లీ మొదలైందో లేదో చూసేదెవరు? చప్పట్ల మధ్య మనం కానుక ఇచ్చి రైలెక్కితే, జూన్‌లో తలుపు తీసిన ఆరో తరగతి పిల్లకు కనిపించేది ఏమిటో ఆలోచించండి. ఆ పిల్లకు మనం నేర్పిన పాఠం అదవుతుంది.

అందుకని ప్రతిపాదనకు మూడు షరతులు చేర్చమని సంఘాన్ని కోరుతున్నాను. ఒకటి, పోగైన డబ్బులో సగమే పరికరాలకు. మిగతా సగం బ్యాంకులో వేసి, ఆ వడ్డీతో ఉప్పు, కరెంటు, సెలవుల్లో చూసే మనిషికి గౌరవ వేతనం. రెండు, మొదటి ఆరు వారాలు తొట్టిలో చేప ఉండదు. తొమ్మిదో తరగతి పిల్లలు రోజూ అమ్మోనియా, నైట్రైటు కొలిచి గోడ మీద గ్రాఫు గీస్తారు. ఒక గీత లేచి దిగడం, దాని వెనకే రెండోది లేవడం వాళ్ల చేతుల్లోనే జరుగుతుంది. అంతకు మించిన జీవశాస్త్ర పాఠం నాకు తెలియదు. మూడు, ఊళ్లో ఉండే పూర్వ విద్యార్థులు ఏడుగురు, వేసవిలో వారానికొకరు చొప్పున, బాధ్యత తీసుకుంటూ పేర్లు ఇవ్వాలి. తొట్టి అద్దం కోయించే ముందే ఆ ఏడు పేర్లు ఉండాలి.

ఏడు పేర్లు రాకపోతే? అప్పుడు ఆ డబ్బుతో మంచి మైక్రోస్కోపులు కొందాం. వాటికి మే నెలలో మేత వేయక్కర్లేదు. అందులో చిన్నతనం ఏమీ లేదు. చూసుకోలేని ప్రాణాన్ని ఇంటికి తెచ్చుకోకపోవడం కూడా మన గురువులు ఇక్కడ నేర్పిన సంస్కారమే.

భోజనాల గది గుమ్మం దగ్గర బల్ల మీద ఒక నోటు పుస్తకం పెట్టించాను. అందులో ఏడు గీతలున్నాయి, ఒక్కో గీతకు ఒక్కో వారం తేదీ వేసి ఉంది. మొదటి వారం నాది, రాశాను. మిగతా ఆరు ఖాళీగా ఉన్నాయి. సాయంత్రం తీర్మానం లోపు ఆ పుస్తకం చూడమని మనవి.